నెల నెలా క్యాన్సర్ గోలీలు ఇంటికి పంపే సర్వీస్: మా అమ్మకి ఎట్లా పనిచేసిందంటే

ముందే చెప్తున్నా, కంపెనీ పేరు రాయట్లేదు. ఇట్లాంటి స్పెషాలిటీ మందుల సర్వీసులు ఇప్పుడు చాలానే ఉన్నాయి, నడిచే పద్ధతి అన్నిట్లో దాదాపు ఒకటే, కాబట్టి నేను రాసేది వేరేది వాడేవాళ్ళకి కూడా పనికొస్తది. పైగా కింద కొంచెం తిట్లు కూడా ఉన్నాయి. నా రేటింగ్ ఐదుకి మూడున్నర. అందులో మూడు వాళ్ళ ఫార్మసిస్ట్ అమ్మాయి ఫోన్ కాల్‌కే, అర ప్యాకింగ్‌కి, యాప్‌కి మాత్రం గుండు సున్నా.

అమ్మ సూర్యాపేటలో ఉంటది, నేను కూకట్‌పల్లిలో. అమ్మకి సీఎంఎల్, అంటే క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, రక్త క్యాన్సర్‌లో ఒక రకం. పేరు వింటే గుండె జారుతది కానీ దీనికి రోజూ వేసుకునే గోలీ ఉంది, ఇమాటినిబ్, అమ్మకి రాసింది 400 ఎంజీ, రోజుకొకటి, ఏళ్ళకేళ్ళు వేసుకుంటూ పోవాలి. 2001లో అమెరికాలో పర్మిషన్ వచ్చిన మందు ఇది. నోవార్టిస్ వాళ్ళు గ్లివెక్ అని అమ్మేవాళ్ళు, మన దేశంలో నెలకి లక్షా ఇరవై వేల దాకా అయ్యేది, మన కంపెనీల జనరిక్, అంటే మన వాళ్ళు తయారుచేసే అదే మందు, ఎనిమిది పది వేలకి దొరికేది. దాని మీద పేటెంట్ కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ ఓడిపోయింది, ఆ కేసులో అవతలి పక్షంలో ఉన్న కంపెనీల్లో మన హైదరాబాద్ నాట్కో కూడా ఒకటి. ఆ రోజు తీర్పు ఇంకోలా వచ్చుంటే ఇవాళ ఈ రివ్యూ రాసే అవసరమే ఉండేది కాదు, ఎందుకంటే మేం కొనేవాళ్ళమే కాదు.

సరే, మందు అందుబాటులోకి వచ్చింది, రోజూ మింగడమే మిగిలింది కదా, అది పెద్ద పనా అనుకుంటారు. అసలు తిప్పలంతా అక్కడే. లండన్‌లో హామర్‌స్మిత్ హాస్పిటల్ డాక్టర్లు 2010లో ఒక స్టడీ వేశారు, ఇమాటినిబ్ వాడుతున్న 87 మందికి మూతలో చిప్ ఉన్న డబ్బాలు ఇచ్చి మూడు నెలలు చూశారు, మూత తీసినప్పుడల్లా టైం రికార్డ్ అయితది. గోలీల్లో 90 శాతం కన్నా ఎక్కువ వేసుకున్నవాళ్ళలో ఆరేళ్ళకి జబ్బు బాగా అణిగే అవకాశం 94.5 శాతం వస్తే, 90 లేదా అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్ళలో అది 28.4. ఇక 80 శాతం, ఆ లోపు వేసుకున్నవాళ్ళలో అయితే ఒక్కరికి కూడా అట్లా అణగలేదు. 90 శాతం అంటే ఎంత అనుకుంటున్నారు, 30 గోలీల్లో మూడు మానేస్తే అంతే. ఒక పెళ్ళికి పోయి వస్తే మూడు రోజులు అయిపోతాయి మన దగ్గర.

అమ్మ మానేయడానికి కారణం మతిమరుపు కాదు. చాలామందికి కూడా కాదని నా నమ్మకం. రక్తంలో తెల్లకణాలు దిగొచ్చినయ్, ఉబ్బిన ప్లీహం తగ్గింది, నీరసం పోయింది, ఇక "మంచిగనే ఉన్న గదా బిడ్డా, ఊకె ఎందుకు గోలీలు, కడుపుల పుండ్లు పడ్తయ్" అని మొదలుపెట్టింది. దానికితోడు పొద్దున లేచేసరికి కళ్ళ చుట్టూ వాపు, రాత్రుళ్ళు పిక్కలు పట్టేయడం, గోలీ వేసుకున్న అరగంటకి వికారం. ఇవన్నీ ఈ మందుకి మామూలుగా వచ్చేవే, కానీ డాక్టర్ దగ్గర అడిగితే "ఏం లేదు సార్, మంచిగుంది" అంటది, బయటికొచ్చి ఆటో ఎక్కినాక నాకు చెప్తది. డాక్టర్ గారికి ఒక్కో పేషెంట్‌కి ఉండే టైమే అంత, ఆయన్ని ఏమనగలం.

అందుకే ఈ సర్వీస్‌లో చేర్పించాను. చేరడం ఈజీనే, ప్రిస్క్రిప్షన్ ఫోటో, ఆధార్, డాక్టర్ పేరు, ఏ జబ్బుకి, వేరే ఏ మందులు వాడుతున్నారు అని ఒక ఫారం. ప్రతి మూడు నెలలకి కొత్త ప్రిస్క్రిప్షన్ అడుగుతారు, అది వాళ్ళ రూల్ కాబట్టి ఒప్పుకోవాలి, కానీ ఒకసారి డాక్టర్ లీవ్‌లో ఉన్నప్పుడు పాతదాని మీద పంపమంటే పంపకుండా, కనీసం ఏం చేయాలో కూడా చెప్పకుండా ఆర్డర్ హోల్డ్‌లో పెట్టి కూర్చున్నారు. అప్పుడు సూర్యాపేటలో దొరక్క హైదరాబాద్ కోఠీలో కొని బస్సు డ్రైవర్‌కి ఇచ్చి పంపించాను. గోలీలు టైంకి వేసుకునేలా చూస్తామని డబ్బులు తీసుకునేవాళ్ళే మందు ఆపేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?

యాప్ సంగతి. రోజూ ఉదయం తొమ్మిదికి గంట మోగుతది, వేసుకున్నాను అని నొక్కాలి, నొక్కితే చప్పట్ల బొమ్మ, వరసగా నొక్కుతూ పోతే బంగారు నక్షత్రం. అమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోన్. కాబట్టి యాప్ నా ఫోన్లో. గంట కూకట్‌పల్లిలో మోగుతది, గోలీ సూర్యాపేటలో ఉంటది, నేను అమ్మకి ఫోన్ చేసి అడిగి నొక్కాలి. అంటే నేను గుర్తుచేస్తే యాప్‌కి గుర్తుంటది అన్నమాట. తయారుచేసినవాళ్ళు అరవై దాటినవాళ్ళని ఎప్పుడైనా కలిశారో లేదో డౌటే. తెలుగు ఆప్షన్ ఉంది కానీ ఆ తెలుగు చదివితే గోలీ కన్నా ముందు తలనొప్పి బిళ్ళ వేసుకోవాలి.

ఫోన్ కాల్ మాత్రం వేరే లెవెల్. మందు అయిపోయే వారం ముందు చేస్తారు. మొదట్లో చేసినవాళ్ళు హిందీలో, మొక్కుబడిగా, "డోస్ కంప్లీట్ హువా మాజీ" అంటే అమ్మ "హా హువా" అనేది, అయిపోయే. తర్వాత తెలుగు కావాలని గొడవ చేస్తే ఈ అమ్మాయిని ఇచ్చారు, వరంగల్ వైపు మనిషని మాట వింటేనే తెలుస్తది. ఈ అమ్మాయి వేసుకున్నారా అని అడగదు. "అమ్మా, ఆ డబ్బా చేతిలోకి తీసుకో, ఇంకా ఎన్ని గోలీలు ఉన్నయో లెక్కపెట్టి చెప్పు" అంటది. అంతే. వేసుకున్నారా అంటే అందరూ అవుననే అంటారు, ఎన్ని మిగిలాయంటే నీళ్ళు నమలాల్సి వస్తది. ఎక్కువ మిగిలాయని తెలిస్తే తిట్టదు, "ఏ రోజులు వేసుకోలేదమ్మా, ఎందుకు, వాంతి వచ్చినట్టు అయిందా" అని మెల్లగా లాగుతది. మా అమ్మ నాకు చెప్పనివి కూడా ఆ పిల్లకి చెప్తది, ఇద్దరూ "బిడ్డా", "అమ్మా" అనుకుంటూ పావుగంట మాట్లాడతారు, మధ్యలో నిమ్మకాయ పచ్చడి సంగతులు కూడా వస్తాయి.

కార్తీక మాసం విషయం అట్లాగే బయటపడింది. అమ్మ సోమవారాలు, ఏకాదశి ఉపవాసం ఉంటది, పొద్దంతా ఏం తినదు. ఈ గోలీ ఏమో అన్నం తిని పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేస్తే తిప్పేస్తది. పొద్దున వేసుకునే గోలీ కాబట్టి ఉపవాసం రోజు అమ్మ లెక్కలో గోలీకి కూడా ఉపవాసమే. నేనైతే ఉపవాసాలు మానెయ్ అని కొట్లాడేవాణ్ణి, అమ్మ ఊ అనేది, చేసేది చేసేది. ఆ అమ్మాయి డాక్టర్‌ని అడిగి గోలీ టైం మొత్తానికే రాత్రికి మార్పించింది. కార్తీక సోమవారం ఎట్లాగూ చుక్కలు చూసి భోంచేస్తారు కదా, ఆ భోజనం తర్వాత గోలీ. ఉపవాసం ఉన్నా లేకున్నా రోజూ అదే టైం. పడుకునే ముందు ఒక గంటైనా గ్యాప్ ఉండేలా త్వరగా తినమని చెప్పింది. వికారం కూడా తగ్గింది, పగలు తిరుగుడు ఉండదు కాబట్టి. ఇంత చిన్న మార్పు చెప్పడానికి ఇంతకాలం ఎవరికీ తోచలేదు, నాతో సహా, ఎందుకంటే ఎందుకు వేసుకోలేదు అని అడిగినవాడే లేడు, వేసుకో వేసుకో అన్నవాళ్ళే అందరూ.

పిక్కలు పట్టేయడం గురించి కూడా డాక్టర్ సార్‌కి చెప్పి తీరాలని పట్టుబట్టి, నాకు మెసేజ్ పెట్టి, వచ్చే అపాయింట్‌మెంట్‌లో అడగాల్సినవి నాతో కాగితం మీద రాయించింది. సార్ రక్తంలో కాల్షియం, మెగ్నీషియం లాంటివి చూపించి ఏదో సర్దారు, ఇప్పుడు పట్టేయడం వస్తది కానీ తక్కువ. ఇంకోటి, గ్రేప్‌ఫ్రూట్ ఈ మందుతో పడదు, మన పంపరపనస కూడా అదే జాతి కాబట్టి వద్దని చెప్పింది. నాటు మందులు, కషాయాలు ఏవి మొదలుపెట్టినా ముందు అడగమంది, ఇది అవసరమే, ఎందుకంటే మా మేనత్త పంపిన ఏదో పొడి అప్పటికే వంటింట్లో ఉంది. ఒక రోజు మిస్ అయితే మర్నాడు రెండు వేసుకోవద్దని కూడా చెప్పింది. అమ్మ అంతకుముందు అదే చేసేది, లెక్క సరిపోతది అని.

ఇప్పుడు తిట్ల పార్ట్. ఒక నెల 400 ఎంజీ స్టాక్ లేదని 100 ఎంజీ గోలీలు పంపారు, వేరే కంపెనీవి. మందు అదే, నాలుగు కలిపి ఒకేసారి వేసుకుంటే 400, అందులో తప్పు లేదు. కానీ ఆ విషయం ఎక్కడ రాశారంటే బిల్లు మీద, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. మెసేజ్ లేదు, ఫోన్ లేదు. డబ్బా పెద్దగా ఉంటే అమ్మ ఈసారి ఎక్కువ నెలలకి పంపారు అనుకుంది, రోజుకొకటి చొప్పున వేసుకుంటూ పోయింది. అంటే డోస్‌లో పావు వంతు. యాప్ ఏం చూపించింది తెలుసా, నూటికి నూరు శాతం, బంగారు నక్షత్రంతో సహా. రోజూ గోలీ వేసుకుందా అంటే వేసుకుంది మరి! ఆ నెల కాల్‌లో మిగిలిన గోలీలు లెక్కపెట్టమంటే ఎంతకీ తెగని నంబర్ చెప్పేసరికి ఆ అమ్మాయికి అనుమానం వచ్చి స్ట్రిప్ మీద ఏం రాసుందో చదివించింది. వాళ్ళ కంపెనీ చేసిన తప్పుని వాళ్ళ కంపెనీ మనిషే పట్టుకుంది, ఆ ఒక్క కారణం వల్లే నేను సర్వీస్ ఆపలేదు. మేనేజర్ అనేవాడు ఫోన్ చేసి "బిల్లులో మెన్షన్ చేశాం సార్" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు. మీకు డబ్బా రాగానే మందు పేరు కన్నా ముందు ఎంజీ చూడండి, గోలీ రంగు సైజు మారితే వేసుకునే ముందు అడగండి.

రెండోది ఆ డబ్బా మీద లేబుల్. ఇంత పెద్ద అక్షరాలతో క్యాన్సర్ కేర్ అని. అమ్మ జబ్బు మా గల్లీలో ఎవరికీ చెప్పలేదు, అక్క కూతురికి సంబంధాలు చూస్తున్నారు, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదని మనకి తెలుసు, కానీ సంబంధం మాట్లాడే వాళ్ళకి ఎవరు చెప్పాలి. డెలివరీ అబ్బాయి అమ్మ లేదని పక్కింటి వాళ్ళకిచ్చి పోయాడు. ఆ తర్వాత అమ్మ నాకు అడ్డం తిరిగింది, ఇంటికి పంపించొద్దు, నువ్వే తీస్కరా అని. చిన్న స్టిక్కర్ వల్ల మందే ఆగిపోయేది. కంప్లైంట్ పెడితే మాత్రం త్వరగానే మార్చారు, ఇప్పుడు తెల్ల డబ్బా, పేరు, నంబర్ అంతే. అడిగితే ఎవరికైనా ఇస్తారట, మరి అందరికీ అట్లాగే పంపితే వాళ్ళ సొమ్మేం పోయింది.

ప్యాకింగ్‌కి అర మార్కు మా బామ్మర్ది వల్ల. వాడికి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, వెన్నెముక బిగుసుకుపోయే వాతం, రెండు వారాలకోసారి అడాలిముమాబ్ ఇంజెక్షన్ తొడకి వాడే వేసుకుంటాడు. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. మే నెలలో కూడా థర్మాకోల్ డబ్బాలో జెల్ ప్యాకులు చల్లగానే వచ్చాయి, టెంపరేచర్ దాటితే రంగు మారే స్టిక్కర్ కూడా పెట్టారు. కానీ వాడిదీ అమ్మ కథే, నొప్పులు తగ్గాయి కదా అని నెలకోసారి చేశాడు సొంతంగా, డబ్బులు కూడా ఆదా అయితాయని. ఆ అమ్మాయి కాల్ చేస్తే వాడు ఎత్తడు. ఎత్తనివాళ్ళకి ఈ సర్వీస్ దగ్గర మందు లేదు, డబ్బా మాత్రం టైంకి పంపుతూనే ఉంటారు, ఫ్రిజ్‌లో పేరుకుపోతూ ఉంటాయి. డబ్బా పంపడం వరకే వాళ్ళ లెక్క, అది లోపలికి పోయిందా లేదా అన్నది ఫోన్ ఎత్తేవాళ్ళ అదృష్టం.

నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది, వీళ్ళు అసలు పరీక్ష రిజల్ట్ అడగరు. సీఎంఎల్‌కి మూడు నెలలకోసారి బీసీఆర్ ఏబీఎల్ అనే పీసీఆర్ టెస్ట్, అంటే జబ్బు ఇంకా ఎంత మిగిలిందో చెప్పే రక్త పరీక్ష, చేయిస్తారు, మూడు నెలలకి 10 శాతం లోపు, ఆరు నెలలకి 1 లోపు, ఏడాదికి 0.1 లోపు రావాలని డాక్టర్లు చూస్తారు. ఆ నంబర్ పెరిగితే డాక్టర్ మొదట అడిగేది మందు సరిగ్గా వేసుకుంటున్నారా అనే, అది తేలాకే మ్యుటేషన్ టెస్టు, అంటే మందుకి లొంగకుండా జబ్బు మారిందా అని చూసేది, ఆ తర్వాత ఇంకో మందుకి మారడం. అబద్ధం చెప్తే ఏమైతదంటే పని చేస్తున్న గోలీని పని చేయట్లేదు అనుకుని దాసాటినిబ్‌కో నిలోటినిబ్‌కో మారుస్తారు, వాటి ఖర్చు వేరు, తిప్పలు వేరు, నిలోటినిబ్ అయితే ఖాళీ కడుపుతో రోజుకి రెండుసార్లు, గంటల లెక్కతో. మరి ఈ నంబర్ ఆ అమ్మాయి స్క్రీన్ మీద ఉంటే ఎంత బాగుండు. చప్పట్ల బొమ్మకి ఉన్న జాగా దీనికి లేదు.

వాట్సాప్‌లో ఒకటి తిరుగుతుంటది, కొన్నేళ్ళు వాడాక ఇమాటినిబ్ ఆపేయొచ్చు అని. అబద్ధం కాదు, సగం నిజం. ఫ్రాన్స్‌లో 2010లో వచ్చిన స్టడీలో కనీసం రెండేళ్ళు టెస్టులో జబ్బు అసలు కనపడనివాళ్ళకే ఆపి చూశారు, వాళ్ళలో కూడా ఏడాదికి తిరగబడకుండా ఉన్నది నూటికి నలభై మంది దాకానే, అది కూడా గట్టిగా టెస్టులు చేస్తూ. ఆ ఫార్వర్డ్ అమ్మకి ఎవరో చదివి వినిపించారు. ఫార్మసిస్ట్ అమ్మాయే సర్దిచెప్పింది, నేను చెప్తే వినేదా.

ఖర్చు గురించి చెప్పాలంటే, వీళ్ళు ఎమ్మార్పీ మీద ఇచ్చే డిస్కౌంట్ కన్నా కోఠీ హోల్‌సేల్ షాపుల్లో ఎక్కువ తగ్గిస్తారు, బేరం తెలిసిన మనిషి ఉంటే అక్కడే నయం. అందరికీ చెప్పేది ఇంకోటుంది, తెల్ల రేషన్ కార్డు ఉంటే సొంతంగా కొనే ముందు నిమ్స్‌లో గానీ రెడ్ హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌లో గానీ ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో అడగండి, తెలంగాణలో 2023 డిసెంబర్‌లో లిమిట్ పది లక్షలు చేశారు. డబ్బుల కోసం రోజు మార్చి రోజు వేసుకునేవాళ్ళని హాస్పిటల్ బయట బెంచీల మీద చూశాను నేను, వాళ్ళకి ఏ యాప్ గంట కొడితే ఏం లాభం.

ఇట్లాంటి సర్వీస్ తీసుకోవాలనుకుంటే చేరే ముందే మూడు ముక్కలు అడగండి: ఫోన్ చేసేది ఫార్మసిస్టా కాల్ సెంటరా, తెలుగులో మాట్లాడతారా, ప్రతి నెలా ఒకే మనిషి చేస్తారా. ఈ మధ్య ఆ ఫార్మసిస్ట్ అమ్మాయి లీవ్‌లో ఉంటే ఇంకో అబ్బాయి చేశాడు, కాగితం చూసి చదివినట్టు నాలుగు ప్రశ్నలు అడిగి పెట్టేశాడు, గోలీలు లెక్కపెట్టించలేదు. అమ్మ మళ్ళీ ఆ పిల్లే చేస్తదా అని నన్ను అడిగింది, కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు.

సూర్యాపేట, కోదాడ వైపు ఆదివారం డెలివరీ లేదు, పండగలప్పుడు ఇంకో రెండు రోజులు ఆలస్యం అయితది. దసరాకి, సంక్రాంతికి అయితే పది రోజుల ముందే ఆర్డర్ పెట్టించుకోండి.